ఎన్విడియా కార్డు తీసి ఏఎండీ కార్డు పెట్టాలంటే ముందుగా ఏమేమి చూసుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను రాజమండ్రిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే చిన్న స్టూడియో నడుపుతున్నాను. 2019లో అసెంబుల్ చేయించుకున్న సిస్టమ్‌తోనే ఇప్పటికీ పని సాగుతోంది. అందులో ఇంటెల్ కోర్ ఐ5 9400ఎఫ్ ప్రాసెసర్, బీ365 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, ఎన్విడియా జీటీఎక్స్ 1060 ఆరు జీబీ కార్డు, పేరున్న కంపెనీ 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే పెట్టె) ఉన్నాయి. విండోస్ 11కి గత ఏడాదే మారాను. డావిన్చీ రిజాల్వ్‌లో 4కే టైమ్‌లైన్ మీద రెండు మూడు ఎఫెక్టులు వేసేసరికి గ్రాఫిక్స్ మెమరీ నిండిపోయిందన్న హెచ్చరిక వస్తోంది. పైగా ఈ కార్డుకు ఎన్విడియా కొత్త డ్రైవర్లు ఇవ్వడం ఆపేసిందని తెలిసింది.

నా బడ్జెట్‌లో ఏఎండీ ఆర్‌ఎక్స్ 7600 ఎనిమిది జీబీ కార్డు వస్తోంది. ఇంతవరకు ఎన్విడియా తప్ప మరో కంపెనీ కార్డు వాడలేదు కనుక కొన్ని సందేహాలున్నాయి. కంపెనీ మారితే విండోస్ ఫార్మాట్ చేసి మళ్లీ వేయాల్సిందేనని మా ఊళ్లో ఒక షాపువారు అంటున్నారు, అది నిజమేనా? పాత డ్రైవర్లను ఎప్పుడు, ఎలా తీసేయాలి? మా తమ్ముడి కూతురు ఇంజనీరింగ్ చదువుతూ సెలవుల్లో ఇదే సిస్టమ్‌లో మెషీన్ లెర్నింగ్ సాధన చేస్తుంది. కార్డు మారితే ఆమె పని ఆగిపోతుందా? నా రెండో మానిటర్ డీవీఐ కేబుల్‌తో నడుస్తోంది, దాని సంగతేమిటి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని మనవి.

సమాధానం 1 (సికింద్రాబాద్, హార్డ్‌వేర్ సర్వీసు)

నమస్కారమండీ. ముందుగా ఫార్మాట్ విషయం. కంపెనీ మారినంత మాత్రాన విండోస్ మళ్లీ వేయనవసరం లేదు. గ్రాఫిక్స్ కార్డు ఏ కంపెనీదైనా మదర్‌బోర్డు మీద అదే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో కూర్చుంటుంది. తగిన డ్రైవర్ దొరికేవరకు విండోస్ తన దగ్గరున్న ప్రాథమిక డిస్‌ప్లే డ్రైవర్‌తో తెర చూపిస్తుంది. విండోస్ యాక్టివేషన్ ప్రధానంగా మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది కనుక దానికీ ఇబ్బంది రాదు. ఫార్మాట్ అన్నది షాపువారికి సులువైన దారి, మీకు మాత్రం ప్లగిన్లు, ఫాంట్లు, లైసెన్సులు అన్నీ మళ్లీ పెట్టుకునే చాకిరీ.

నేను చేసే వరుస ఇది. పాత కార్డు సిస్టమ్‌లో ఉండగానే ఏఎండీ వెబ్‌సైట్ నుంచి కొత్త కార్డుకు తగిన అడ్రినలిన్ డ్రైవర్‌ను, దానితో పాటు డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత సాధనాన్ని డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ లేదా బిట్‌లాకర్ (డిస్కులోని డేటాకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉందేమో తప్పక చూడండి. ఉంటే దాన్ని తాత్కాలికంగా ఆపి, రికవరీ కీని ఫోన్‌లోనో కాగితం మీదో రాసి ఉంచండి. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు ఆ తాళపు భద్రత చూసే టీపీఎం చిప్ హార్డ్‌వేర్‌లో మార్పును గమనించి 48 అంకెల కీ అడిగే అవకాశం ఉంది. ఆ కీ చేతిలో లేక, లోపల ఉన్న పెళ్లి ఫుటేజీ కోసం కంగారు పడుతూ మా దగ్గరికి వచ్చినవారు ఉన్నారు.

తరువాత ఇంటర్నెట్ కేబుల్ తీసేయండి, వైఫై ఉంటే అదీ ఆపండి. అలా చేయకపోతే మధ్యలో విండోస్ అప్‌డేట్ తనంతట తానే ఏదో ఒక డ్రైవర్ ఎక్కించేస్తుంది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ సాధనాన్ని నడిపి, ఎన్విడియాను ఎంచుకొని, కొత్త కార్డు పెట్టేవారి కోసమే ఉన్న ‘క్లీన్ అండ్ షట్‌డౌన్’ బటన్ నొక్కండి. పని పూర్తయ్యాక సిస్టమ్ దానంతటదే ఆగిపోతుంది. సేఫ్ మోడ్‌లో విండోస్ పిన్ ఒక్కోసారి పనిచేయదు కనుక మీ మైక్రోసాఫ్ట్ ఖాతా పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ముందే పరీక్షించుకోండి.

ఇక స్క్రూడ్రైవర్ పని. కరెంటు ప్లగ్ పూర్తిగా తీసి, పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన విద్యుత్తు పోతుంది. స్లాట్ చివర చిన్న ప్లాస్టిక్ గొళ్లెం ఉంటుంది. దాన్ని నొక్కకుండా కార్డును లాగితే స్లాటే విరుగుతుంది. మీ 1060కు 6 పిన్నుల కరెంటు కేబుల్ తగిలించి ఉంటుంది కదా, ఆ కేబుల్ చివర విడిగా వేలాడుతున్న రెండు పిన్నుల ముక్క ఉందేమో చూడండి. ఉంటే ఆ రెండింటినీ జతచేసినప్పుడు 8 పిన్నుల కనెక్టర్ అవుతుంది, ఆర్‌ఎక్స్ 7600కు సాధారణంగా కావలసింది అదే. స్లాట్ నుంచి 75 వాట్లు, 6 పిన్నుల నుంచి 75, 8 పిన్నుల నుంచి 150 వాట్లు తీసుకోవచ్చన్నది పీసీఐ ఎక్స్‌ప్రెస్ ప్రమాణం. 1060 వాడకం 120 వాట్లు, ఆర్‌ఎక్స్ 7600 వాడకం 165 వాట్లు. ఆర్‌ఎక్స్ 7600కు ఏఎండీ సూచించే ఎస్‌ఎంపీఎస్ 550 వాట్లు, అది మీకు ఉండనే ఉంది.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చేస్తున్నాను. ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే 8 పిన్నుల కేబుల్ కూడా చూడటానికి దాదాపు ఇలాగే ఉంటుంది, కానీ దానిలో 12 వోల్టుల తీగలు, గ్రౌండ్ తీగలు తారుమారుగా ఉంటాయి. బలవంతంగా గుచ్చితే కార్డు కాలిపోతుంది. అలాగే ఎస్‌ఎంపీఎస్ నుంచి విడదీయగల కేబుళ్లు ఉంటే, వేరే కంపెనీ ఎస్‌ఎంపీఎస్ కేబుల్‌ను దీనికి ఎప్పుడూ వాడకండి.

చివరిగా, మీ ప్రాసెసర్ పేరులో ఉన్న ‘ఎఫ్’ అక్షరానికి అర్థం దానిలో సొంత గ్రాఫిక్స్ లేదని. కాబట్టి మదర్‌బోర్డు మీది హెచ్‌డీఎంఐకి మానిటర్ తగిలిస్తే ఏమీ కనబడదు, కార్డుకే తగిలించాలి. కొత్త కార్డులకు డీవీఐ పోర్టు ఉండదు. మీ రెండో మానిటర్ మామూలు ఫుల్ హెచ్‌డీ, 60 హెర్ట్జ్‌ది అయితే హెచ్‌డీఎంఐ నుంచి డీవీఐకి వెళ్లే సాదా కేబుల్ సరిపోతుంది. మా సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలోనే కాదు, మీ ఊళ్లోనూ దొరుకుతుంది.

సమాధానం 2 (విజయవాడ, వీడియో ఎడిటర్)

పైవారు చెప్పిన వరుసతో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ సేఫ్ మోడ్, ప్రత్యేక సాధనం అందరికీ తప్పనిసరి అని నేననుకోను. సెట్టింగ్స్‌లో ఎన్విడియా పేరుతో ఉన్నవన్నీ మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేసి, కార్డు మార్చి, ఏఎండీ డ్రైవర్ వేసుకుంటే ఎక్కువ సందర్భాల్లో ఏ సమస్యా రాదు. తెర మిణుకుమనడం, ఇన్‌స్టాలర్ మధ్యలో ఆగిపోవడం లాంటివి ఎదురైతే అప్పుడు ఆ సాధనం వాడవచ్చు. అయితే అది మైక్రోసాఫ్ట్‌దీ కాదు, కార్డు తయారీదారులదీ కాదు కనుక, వాడేవారు ముందు ఒక రిస్టోర్ పాయింట్ పెట్టుకోవడం మంచిది.

నేను రాయదలచిన అసలు విషయం వేరు. మీరు ఎడిటర్ కనుక డ్రైవర్ కంటే ముందు కార్డు ఎంపిక మీద ఆలోచించండి. మీ బాధ మెమరీ నిండిపోవడం. ఆరు నుంచి ఎనిమిది జీబీకి వెళితే కొన్నాళ్లు ఊపిరి ఆడుతుంది తప్ప 4కే పనికి ఆ సమస్య తీరిపోదు. కొంత ఎక్కువ పెట్టగలిగితే 2025 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ రకాన్ని చూడండి. దాని వాడకం 160 వాట్లే, చాలా మోడళ్లకు ఒకే 8 పిన్నుల కేబుల్ చాలు. మరో కారణం కూడా ఉంది. ఆర్‌ఎక్స్ 7600 స్లాట్‌లో డేటా ప్రయాణించే 16 దారుల్లో (లేన్లు) 8 మాత్రమే వాడుకుంటుంది. మీ బోర్డు పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 తరానిది కనుక వాటి మీద సెకనుకు సుమారు 8 జీబీ మాత్రమే ప్రయాణిస్తుంది. కార్డు మెమరీ సరిపోయినంతవరకు ఈ తేడా పెద్దగా తెలియదు, మెమరీ నిండి ర్యామ్ వైపు చూడవలసి వచ్చినప్పుడు మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. 9060 ఎక్స్‌టీ 16 దారులూ వాడుకుంటుంది.

ధర తక్కువని ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ వైపు మాత్రం వెళ్లకండి. దానిలో హెచ్.264, హెచ్.265 వీడియోను ఎన్‌కోడ్ చేసే యూనిట్ అసలే లేదు, పైగా నాలుగు దారులతోనే నడుస్తుంది. మీ ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ లేదు కనుక ఎక్స్‌పోర్ట్ భారం మొత్తం ఆరు కోర్ల మీదే పడుతుంది. ఎడిటర్లకు ఆ కార్డు పనికిరాదని నా గట్టి అభిప్రాయం.

కార్డు మార్చాక సాఫ్ట్‌వేర్ వైపు చూసుకోవలసినవి. రిజాల్వ్ ప్రిఫరెన్సెస్‌లో మెమరీ అండ్ జీపీయూ పేజీలో ప్రాసెసింగ్ మోడ్ ‘కుడా’ అని ఎంచి ఉంటే, పాత కార్డు తీయకముందే దాన్ని ‘ఆటో’కి మార్చండి. కుడా అన్నది ఎన్విడియా సొంత వ్యవస్థ, ఏఎండీ మీద అది నడవదు. ఓబీఎస్‌లో గానీ, మరో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో గానీ ఎన్‌వీఎన్‌క్ (ఎన్విడియా కార్డులోని వీడియో ఎన్‌కోడర్) పేరుతో మీరు దాచుకున్న ఎక్స్‌పోర్ట్ ప్రీసెట్లన్నీ మళ్లీ చేసుకోవాలి. హెచ్.264లో తక్కువ బిట్‌రేట్ దగ్గర ఎన్విడియా ఎన్‌కోడర్ నాణ్యత ఏళ్ల తరబడి ఏఎండీ కంటే మెరుగ్గా ఉండేది. పెళ్లి వీడియో లాంటి ఎక్కువ బిట్‌రేట్ పనిలో ఆ తేడా కంటికి కనబడదు. మీ 1060లో లేని ఏవీ1 (కొత్త తరం వీడియో ఫార్మాట్) ఎన్‌కోడింగ్ ఈ రెండు కొత్త కార్డుల్లోనూ ఉంది, యూట్యూబ్‌కు పంపేవాటికి అది ఉపయోగపడుతుంది.

రంగుల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో డిజిటల్ వైబ్రెన్స్, గామా ఏమైనా పెంచి ఉంటే కార్డుతో పాటే అవీ పోతాయి. మానిటర్‌ను క్యాలిబ్రేట్ చేసినప్పుడు వచ్చిన ఐసీసీ ప్రొఫైల్ (రంగుల సవరణ) ఫైలు విండోస్‌లోనే ఉంటుంది, కానీ కొత్త కార్డుతో విండోస్ ఆ మానిటర్‌ను కొత్తదిగా లెక్కించి ప్రొఫైల్‌ను దానికి జతచేయకపోవచ్చు. కలర్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి మీరే జతచేసి, వీలైతే మళ్లీ క్యాలిబ్రేట్ చేయండి. హెచ్‌డీఎంఐ మీద నలుపు బూడిదరంగులా కనిపిస్తే అడ్రినలిన్‌లో డిస్‌ప్లే విభాగంలో పిక్సెల్ ఫార్మాట్‌ను ఆర్‌జీబీ 4:4:4 ఫుల్ అని పెట్టండి. ముహూర్తం వేళ పెళ్లికూతురి పట్టుచీర ఎరుపు, పసుపు రాసిన ముఖం రంగు ఎలా ఉన్నాయో మీ కంటికి అలవాటైన ఒక పాత ప్రాజెక్టును తెరిచి పోల్చుకున్నాకే కొత్త గ్రేడింగ్ మొదలుపెట్టండి.

సమాధానం 3 (హైదరాబాద్, మెషీన్ లెర్నింగ్ ఇంజనీరు)

మీ తమ్ముడి కూతురు పని గురించి రాస్తున్నాను. ఆమె వాడేది పైటార్చ్ అనే మెషీన్ లెర్నింగ్ సాఫ్ట్‌వేర్ అయితే, పాఠాలు, ఉదాహరణలు ఎక్కువగా కుడాను దృష్టిలో ఉంచుకొనే రాసి ఉంటాయి. ఏఎండీకి దీటైన వ్యవస్థ రోక్‌ఎమ్. లినక్స్ మీద అది బాగా నడుస్తుంది; పైటార్చ్ కోడ్‌లో ‘కుడా’ అని రాసిన చోట్ల చాలావరకు మార్పు లేకుండానే పనిచేస్తుంది. అయితే అధికారికంగా మద్దతున్న కార్డుల జాబితా చిన్నది కనుక కొనేముందు మీరు ఎంచుకున్న కార్డు పేరు ఆ జాబితాలో ఉందో లేదో చూసి తీరాలి. మెషీన్ లెర్నింగే మీ ప్రధాన వృత్తి అయితే నేను ఎన్విడియాలోనే ఉండమని చెప్పేవాణ్ణి.

కానీ ఆ కారణంతో 1060ను అట్టిపెట్టుకోవడంలో కూడా పెద్ద లాభం లేదు. 2016లో వచ్చిన పాస్కల్ తరం కార్డు అది. 2025 ఆగస్టులో వచ్చిన కుడా 13లో పాస్కల్‌కు మద్దతు తీసేశారు. కొత్త ఫీచర్లతో కూడిన డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి, ఇక 2028 అక్టోబరు వరకు మూడు నెలలకోసారి భద్రతా అప్‌డేట్లు మాత్రమే వస్తాయి. అంటే పాత కార్డు ఉంచుకున్నా ఆమె పాత వెర్షన్ల దగ్గరే ఆగిపోవాలి. విద్యార్థి స్థాయి సాధనకు గూగుల్ కొలాబ్‌లో ఉచితంగా దొరికే ఎన్విడియా టీ4 కార్డు 1060 కంటే మెరుగైనది. దానికి సమయ పరిమితి ఉంటుంది, ఒకేసారి గంటల తరబడి నడిచే పనులకు కుదరదు. సెలవుల్లో నేర్చుకునే అమ్మాయికి అది చాలు.

రెండు కార్డులూ కలిపి పెట్టవచ్చా అని కొందరు అడుగుతుంటారు. విండోస్‌లో రెండు కంపెనీల డ్రైవర్లు పక్కపక్కనే ఉండగలవు, అది సాధ్యమే. కానీ మీ ఎస్‌ఎంపీఎస్ మీద మరో 120 వాట్లు, క్యాబినెట్‌లో వేడి, అన్నీ లెక్కేస్తే మీ విషయంలో నేను సిఫారసు చేయను.

ఆమె లినక్స్ కూడా వేసుకుని ఉంటే ఒక మాట. ఏఎండీ డ్రైవర్ లినక్స్ మూలభాగమైన కెర్నల్‌లోనే ఉంటుంది కనుక విడిగా వేయాల్సింది లేదు. ఎన్విడియా ప్యాకేజీలన్నీ తీసేసి, ఈటీసీ ఫోల్డరులోని ఎక్స్11లో పాత ఎక్స్‌ఓఆర్‌జీ కాన్ఫిగ్ ఫైలు మిగిలి ఉంటే దాన్ని కూడా తొలగించాలి. అందులో డ్రైవర్ పేరు ఎన్విడియా అని ఉండిపోతే లాగిన్ తెర రాదు. 9060 ఎక్స్‌టీ కొత్త కార్డు కనుక కెర్నల్, మీసా (లినక్స్‌లో గ్రాఫిక్స్ నడిపే సాఫ్ట్‌వేర్) కూడా కొత్తవి ఉండాలి.

ప్రశ్న అడిగినవారు

ఇంత శ్రద్ధగా రాసినందుకు ముగ్గురికీ ధన్యవాదాలు. మెమరీ విషయం చదివాక 16 జీబీ కార్డుకే వెళ్లాలని నిర్ణయించుకున్నాను. మరో రెండు సందేహాలు. నా దగ్గర 600 వీఏ యూపీఎస్ ఉంది, ఎండాకాలంలో ఇక్కడ కరెంటు పోతూ వస్తూ ఉంటుంది, అది ఈ కార్డుకు సరిపోతుందా? అలాగే ఒక మిత్రుడు ఇంటెల్ ఆర్క్ కార్డు తీసుకోమంటున్నాడు. మా కొత్త కెమెరా ఫుటేజీ 10 బిట్ 4:2:2లో వస్తుంది, దానికి ఆర్క్ బాగుంటుందట.

సమాధానం 2

మీ మిత్రుడు చెప్పినదానిలో నిజం ఉంది. హెచ్.265 10 బిట్ 4:2:2 ఫుటేజీని ఆర్క్ కార్డులు నేరుగా డీకోడ్ చేస్తాయి. ఎన్విడియాలో ఆ సౌకర్యం ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది, మీరు చూస్తున్న ఏఎండీ కార్డుల్లో లేదు. కానీ మీ సిస్టమ్‌కు ఆర్క్ వద్దంటాను. కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకోగలిగే రీసైజబుల్ బార్ అనే సదుపాయం లేకుండా ఆర్క్ వేగం బాగా పడిపోతుంది. మీ తరం బోర్డుల్లో కొన్నింటికే తయారీదారులు బయోస్ అప్‌డేట్‌తో ఆ సదుపాయం ఇచ్చారు. దానికి తోడు, బీ580 కార్డు పాత ప్రాసెసర్లతో ఆటల్లో వెనకబడుతోందని 2025 జనవరిలో పలువురు పరీక్షించి చూపించారు. మీ ఫుటేజీకి రిజాల్వ్‌లో ప్రాక్సీలు (ఎడిటింగ్‌కు తేలికైన నకళ్లు) గానీ, ఆప్టిమైజ్డ్ మీడియా గానీ రాత్రి తయారు చేసి ఉంచుకుంటే పగలు ఎడిటింగ్ హాయిగా సాగుతుంది. రేపు ప్రాసెసర్, బోర్డు కూడా మార్చేటప్పుడు సొంత గ్రాఫిక్స్ ఉన్న కొత్త ఇంటెల్ ప్రాసెసర్ తీసుకుంటే ఆ డీకోడింగ్ అందులోనే వచ్చేస్తుంది, గ్రాఫిక్స్ కార్డు ఏ కంపెనీదైనా ఫరవాలేదు.

సమాధానం 1

యూపీఎస్ గురించి. 600 వీఏ అని రాసి ఉన్నవి సాధారణంగా 360 వాట్ల వరకే మోస్తాయి. కార్డుకు 160, ప్రాసెసర్‌కు 65 నుంచి కొంత పైన, బోర్డు, డిస్కులు, ఫ్యాన్లకు మరో 50, ఆపైన రెండు మానిటర్లు లెక్కేసుకుంటే, ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగా కరెంటు పోయినప్పుడు అది పరిమితి అంచున ఉంటుంది. బ్యాటరీ పాతదైతే వెంటనే ఆగిపోతుంది కూడా. 1000 లేదా 1100 వీఏ యూపీఎస్ తీసుకోండి, లేదా కనీసం రెండో మానిటర్‌ను దాని మీంచి తప్పించండి.

ఇది చదివే ఇతరుల కోసం మరో విషయం. మీరు విండోస్ 11లో ఉన్నారు కనుక మీ బోర్డు యూఈఎఫ్‌ఐ అనే కొత్త బూట్ పద్ధతిలోనే నడుస్తూ ఉండాలి. కానీ పాత లెగసీ పద్ధతిలో విండోస్ 10 వేసుకున్నవారు రీసైజబుల్ బార్ కోసం బయోస్‌లో సీఎస్‌ఎం (పాత పద్ధతిలో బూట్ అయ్యేందుకు ఉన్న సెట్టింగ్) ఆపేస్తే కంప్యూటర్ బూట్ కాదు. ముందు ఎంబీఆర్‌2జీపీటీ అనే మైక్రోసాఫ్ట్ సాధనంతో డిస్కును మార్చుకొని, ఆ తరువాతే సీఎస్‌ఎం ఆపాలి. మార్చేముందు డేటా బ్యాకప్ తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు

కార్డు వచ్చింది, మీరు చెప్పిన వరుసలోనే మార్చాను. బిట్‌లాకర్ ఆపి ఉంచినందువల్ల కీ అడగలేదు. వేలాడే ఆ రెండు పిన్నుల ముక్క నా కేబుల్‌కు ఉంది, సరిగ్గా కూర్చుంది. రిజాల్వ్‌లో ఇంతకుముందు హెచ్చరిక ఇచ్చిన టైమ్‌లైన్ ఇప్పుడు ఆగకుండా నడుస్తోంది. మెయిన్ మానిటర్‌కు ఐసీసీ ప్రొఫైల్ నిజంగానే ఊడిపోయింది, మళ్లీ జతచేశాక చర్మపు రంగులు పాత ప్రాజెక్టుతో సరిపోయాయి. ఇక పాత 1060ను అమ్మేద్దామనుకుంటున్నాను, ఇప్పుడే ఇచ్చేయవచ్చా?

సమాధానం 1

సంతోషమండీ. ఒక పెళ్లి మొత్తం ఎడిట్ చేసి ఎక్స్‌పోర్ట్ అయ్యేవరకు ఆగండి. ఏదైనా తేడా వస్తే లోపం కార్డుదా, ఎస్‌ఎంపీఎస్‌దా అని తేల్చడానికి పాత కార్డు ఒక్కటే మీ చేతిలో ఉన్న ఆధారం. మీ ప్రాసెసర్‌కు సొంత గ్రాఫిక్స్ లేకపోవడం వల్ల అది ఇంకా ముఖ్యం. ఆ తరువాత కార్డు మీది దుమ్ము బ్రష్‌తో దులిపి, పోర్టులకు మూతలు పెట్టి, యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టి ఇవ్వండి. కొనేవారికి దాన్ని సిస్టమ్‌లో పెట్టి నడిపి చూపించండి, డ్రైవర్ల గడువు సంగతి కూడా ముందే చెప్పండి.